బాయిలర్‌కు బిస్కెట్టు

2వ తేదీ, సోమవారం

ఇది డైరీ కాదు. మా అమ్మాయి పిచ్చుకను చూసే డాక్టరమ్మ పోయిన వారం పనిలో పనిగా నా బీపీ కూడా చూసి, "మీ అమ్మాయి బాగానే ఉంది, నాకు మీ సంగతే కంగారుగా ఉంది. మనసులో ఉన్నది ఎక్కడైనా రాసుకోండి" అంది. అందుకని రాస్తున్నాను. నా మనసులో పెద్దగా ఏమీ లేదు.

ఉదయం ఆరింటికి 112. ఏడింటికి 131. ఏడున్నరకు 164, తిండి వల్ల.

తింటూ తింటూనే పిచ్చుక అసలు సంగతి బయటపెట్టింది. పంతొమ్మిదో తేదీకి దానికి పద్దెనిమిదేళ్ళు నిండుతాయట. కన్నతండ్రికి తెలియదన్నట్టు చెప్పింది! ఆ రోజున తన ఫోన్లోంచి నన్ను తీసెయ్యాలో ఉంచాలో తేల్చుకుంటుందట.

"తీసెయ్యడమంటే?" అన్నాను.

"నా షుగరు ఇక నీ ఫోన్లో కనిపించదు నాన్నా. నా చేతి మీద సెన్సరు, నా ఫోను, నేను. అంతే."

"మరి నేను?"

"నువ్వు మామూలు నాన్నవి."

అప్పటిదాకా నాకు గడువిచ్చింది. నంబర్ చూసి ఫోన్ చెయ్యకూడదు. నంబర్ చూసి మెసేజ్ పెట్టకూడదు. నంబర్ చూసి ఎవరినీ పంపకూడదు. ఈ మూడోది ఎందుకు పెట్టిందో తెలుసు. పోయిన నెల అది లెక్కల క్లాసులో ఉండగా 74 చూపించింది. ఎదురింటి దర్జీ అటే వెళ్తున్నాడు కదా అని ఒక అరటిపండు ఇచ్చి పంపాను. ఆయన మెడలో టేపు వేసుకుని, పండు పట్టుకుని, తిన్నగా క్లాసులోకి వెళ్ళి "షుగరమ్మాయి ఎవరండీ?" అని అడిగాడట. అడగడం రాని మనిషిని పంపడం నా తప్పా?

మా ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఒప్పుకోండి, మీ మొహం అలా పెట్టకండి" అంది. ఆవిడ పని చేసేది కళ్ళద్దాల దుకాణంలో. నంబర్లు చూసి చూసి ఆవిడకు వాటి మీద మర్యాద పోయింది.

ఒప్పుకున్నాను. నాకేం భయం? నేనేమైనా పొద్దస్తమానం ఫోనే చూస్తుంటానా?

(ఇది రాస్తూ చూశాను. 127.)

3వ తేదీ, మంగళవారం

ఆవిరి చాలడం లేదని గొడవ పెట్టుకోవడానికి ఇస్త్రీ అక్క నేను పని చేసే బాయిలర్ గదికి వచ్చింది. మా లాండ్రీలో ఇస్త్రీ సెక్షనుకంతా ఆవిడే పెద్ద. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు అన్నీ ఆవిడ చేతి మీదుగా పోవాల్సిందే. మేనేజరు కూడా అక్కా అనే పిలుస్తాడు.

"ఏంటి తమ్ముడూ, ప్రెషరు గేజీ మానేసి ఫోను చూస్తున్నావ్? లాటరీయా?"

చెప్పాను. బొత్తామంత సెన్సరు పిచ్చుక చేతికి అతుక్కుని ఉంటుందని, ఒంట్లో షుగరెంతో ఐదు నిమిషాలకోసారి దాని ఫోనుకు చెబుతుందని, అక్కడినుంచి నా ఫోనుకు వస్తుందని. డెబ్భై దిగితే నా ఫోను అంబులెన్సులా కూస్తుందని.

"చిన్నపిల్లకు షుగరేంటి?"

"అది వేరే రకం అక్కా, టైప్ వన్. దాని ఒంట్లో ఇన్సులిన్ తయారు కాదు. బయటినుంచి పొడుచుకోవాలి. తక్కువ పొడుచుకుంటే షుగరు పైకి, ఎక్కువ పొడుచుకుంటే కిందికి. మరీ కిందికి పోతే కళ్ళు తిరిగి పడిపోతుంది."

"నీ బాయిలర్ లాగే."

"అంతే అక్కా!" అన్నాను. మూడేళ్ళలో ఒక్కరికైనా అర్థమైంది.

"కాకపోతే బాయిలర్ నీ మీద విసుక్కోదు" అని, నా టీ తాగేసి వెళ్ళిపోయింది.

5వ తేదీ, గురువారం

సాయంత్రం ఐదూ పదికి 139. ఐదుంబావుకు ఖాళీ. ఐదూ ఇరవైకి ఖాళీ. "సిగ్నల్ లేదు" అని బూడిదరంగు అక్షరాలు.

పిచ్చుక ఈత కొలనులో లైఫ్‌గార్డు శిక్షణకు చేరి ఇవాళ్టికి నాలుగో రోజు. నెలాఖరుకు కోచ్ మేడమ్ సంతకం పెడితే సెలవుల్లో అక్కడే ఉద్యోగం. దీనికి షుగరుందని తెలిసి ఆవిడ వెనకాడితే, డాక్టరమ్మ చేత ఉత్తరం రాయించుకుని వెళ్ళి మరీ ఒప్పించింది. ఇక సెన్సరు సంగతి. నీళ్ళలో ఉన్నంతసేపూ అది చెప్పేది ఫోనుకు వినపడదు. గట్టెక్కాక దాచుకున్నదంతా ఒక్కసారి చెప్పేస్తుంది. ఇది నాకు తెలుసు. పిచ్చుక బొమ్మ గీసి చూపించింది కూడా.

ఐదూ నలభై దాకా ఆగాను. అరగంట! ఎవరూ మెచ్చుకోరు గానీ, అది చిన్న విషయం కాదు.

ఆ తర్వాత కొలను ఆఫీసుకు ఫోన్ చేశాను. ఇది మాట తప్పడం కిందికి రాదు. నంబర్ చూసి ఫోన్ చెయ్యకూడదన్నది షరతు. నేను నంబర్ కనపడకే కదా చేసింది!

ఫోను ఎత్తినాయన చాలా మంచివాడు, అదే కొంప ముంచింది. వెంటనే మైకు అందుకుని, కొలనంతా వినపడేలా, "లైఫ్‌గార్డు శిక్షణలో ఉన్న అమ్మాయికి గమనిక. మీరు బాగానే ఉన్నారా, మునిగిపోయారా అని మీ నాన్నగారు అడుగుతున్నారు" అన్నాడట.

పిచ్చుక ఇంటికొచ్చి అరవలేదు. అరిస్తే బాగుండేది.

"కోచ్ మేడమ్ ఏమందో తెలుసా నాన్నా? 'మునిగేవాళ్ళను నువ్వు చూసుకుంటావా, నిన్ను చూసుకోవడానికి ఇంకొకరిని పెట్టాలా' అంది. అందరి ముందూ అంది."

తలుపేసుకుంది. తొమ్మిదింటికి 193. కోపం వచ్చినా షుగరు పెరుగుతుందని చదివాను. ఆ పెరిగినదంతా నా ఖాతాలోదే.

6వ తేదీ, శుక్రవారం

మాట్లాడలేదు. 122, 118, 135.

8వ తేదీ, ఆదివారం

మాట్లాడింది. "నాన్నా, ఉప్పు ఇలా ఇవ్వు."

10వ తేదీ, మంగళవారం

డ్యూటీలో ఉండగా మా ఆవిడ ఫోన్ చేసింది. "ఎంత ఉంది?" అంది, ఎప్పుడూ అడగనిది.

"నూట పద్దెనిమిది. నిలకడగా ఉంది" అన్నాను.

"అమ్మాయా, బాయిలరా?"

ఫోను చూశాను. గేజీ చూశాను. బాయిలర్.

"నేనడిగింది మీ బీపీ. డాక్టరమ్మ చూసుకోమంది కదా, చూసుకున్నారా అని" అంది ఆవిడ. పెట్టేసింది.

ఒక విచిత్రం ఉంది. మా బాయిలర్ ప్రెషరు వందా నూట ఇరవై మధ్య తిరుగుతుంది. పిచ్చుక షుగరు కూడా బాగున్న రోజున అక్కడే తిరుగుతుంది. రెంటికీ గంటకోసారి లెక్క రాయాలి. రెంటికీ నూట యాభై దాటితే నాకు చెమటలు పడతాయి. అయినా ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది, దేని లెక్క దానిదే. లాగ్ బుక్ నా అంత శుభ్రంగా రాసేవాడు ఈ లాండ్రీలో లేడు.

12వ తేదీ, గురువారం

ఇవాళ బాయిలర్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఏడాదికోసారి వస్తాడు, నీళ్ళు తాగుతాడు, లాగ్ బుక్ తిరగేస్తాడు, "మీ పుస్తకం చూస్తే ప్రాణం లేచొస్తుందండీ" అని వెళ్తాడు.

ఇవాళ నీళ్ళ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

"పదకొండింటికి నూట ఇరవై నాలుగు" అని చదివాడు. "పన్నెండుకు నూట డెబ్భై ఒకటి. ఒంటిగంటకు... రెండు వందల ముప్ఫై ఎనిమిదా?"

మా సేఫ్టీ వాల్వు నూట యాభైకి తెరుచుకుంటుంది. రెండు వందల ముప్ఫై ఎనిమిది ఉన్న బాయిలర్ పక్కన నిలబడి ఆ అంకె చదవడం ఎవరి తరమూ కాదు. ఇన్‌స్పెక్టరు తలుపు వైపు చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ తలుపు వైపు చూశాడు.

"అందర్నీ బయటికి పంపండి! ముందు మంట ఆర్పండి!"

మంట ఆర్పేశాను. ఆయన చెప్పాక ఆర్పకుండా ఎలా? అరవై మంది సగం మడిచిన దుప్పట్లతో ఆవరణలోకి పరిగెత్తారు. ఇస్త్రీ అక్క హోటలు దిండు ఒకటి గుండెలకు హత్తుకుని వెళ్ళింది. మేనేజరు అందరికంటే ముందు వెళ్ళాడు.

ఇన్‌స్పెక్టరు మాత్రం వెళ్ళలేదు, ఆయన ధైర్యానికి దణ్ణం పెట్టాలి. గేజీని వేలితో కొట్టి చూశాడు. నూట పది. మళ్ళీ కొట్టాడు. నూట పదే. గేజీ పాడైందనుకుని నుదురు తుడుచుకున్నాడు. అప్పుడు పుస్తకంలో అంకెల పక్కన నేను రాసిన చిన్న అక్షరాలు ఆయన కంటబడ్డాయి.

"'భోజనం వల్ల. కంగారు లేదు.' ఇదేంటండీ? 'రెండు గంటలకు, నాలుగు యూనిట్లు వేసుకుంది.' ఏం వేసుకుంది? 'మూడు గంటలకు తొంభై ఒకటి, కిందికి బాణం. బిస్కెట్టు తినాలి.'" పుస్తకం మూసి నన్ను చూశాడు. "ఏవండీ, మీరు బాయిలర్‌కు బిస్కెట్లు పెడుతున్నారా?"

పుస్తకం అందుకుని పేజీలు వెనక్కి తిప్పాను. తొమ్మిదో తేదీనుంచి, నాలుగు రోజులు. ఆవిరి లెక్క రాయాల్సిన చోట నా చెయ్యి నా కూతురిని రాసుకుంటూ పోయింది, నాకు తెలియనే తెలియదు.

ఆవరణలోంచి ఇస్త్రీ అక్క అరిచింది: "అది వాళ్ళమ్మాయి షుగరు సార్! బాయిలర్‌కేం కాలేదు! మనిషికే!"

ఇన్‌స్పెక్టరు బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు. చివరికి మెల్లిగా అడిగాడు:

"మరి... మూడింటికి పడిపోతోందని రాశారు కదా. తర్వాత తిన్నదా?"

"తిన్నది సార్. నాలుగింటికి నూట పన్నెండు."

"హమ్మయ్య" అన్నాడు. ఆ తర్వాతే రిపోర్టు రాశాడు, మూడు పేజీలు.

13వ తేదీ, శుక్రవారం

మేనేజరు ఉత్తరం ఇచ్చాడు. ఇకనుంచి డ్యూటీలో నా ఫోను గేటు దగ్గరి అలమారలో ఉండాలి. ఇంకోసారి ఇలా జరిగితే ఉద్యోగం ఉండదు.

ఎనిమిది గంటలు ఫోను లేకుండా ఉన్నాను. ఏమీ అనిపించలేదు. మొదటి గంటలో చెయ్యి జేబులోకి కొన్నిసార్లు వెళ్ళింది. "ఏంటి తమ్ముడూ, దురదా?" అంది ఇస్త్రీ అక్క.

14వ తేదీ, శనివారం

లాండ్రీ కథ పిచ్చుకకు చేరిపోయింది. ఇస్త్రీ అక్క కూతురు దాని స్నేహితురాలు, దాచి ప్రయోజనం లేదు. కాసేపు కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "బాయిలర్ పుస్తకంలో నన్నెందుకు రాశావ్ నాన్నా?" అంది.

ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్ళిపోయాను. ఇక్కడ రాస్తాను. ఇది ఎవరూ చదవరు కాబట్టి.

బాయిలర్ గదిలోకి అడుగు పెట్టగానే ప్రెషరు కంటే ముందు నీటి మట్టం చూడాలి. గాజు గొట్టంలో కనపడుతుంది. నీళ్ళు తగ్గితే బాయిలర్ పేలుతుంది. నాకు జీతం ఇచ్చేది అది చూసినందుకు.

మూడేళ్ళ కిందట పిచ్చుక నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. రోజుకు ఎనిమిది సీసాలు. "మంచి అలవాటు" అన్నాను. చిక్కిపోయింది, "ఎత్తు పెరుగుతోంది కదా" అన్నాను. మా ఆవిడ మూడుసార్లు డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామంది. షిఫ్టు మారాక, వచ్చే వారం, అన్నాను. ఆ వచ్చే వారంలోనే పిచ్చుక వంటగదిలో పడిపోయింది. ఆసుపత్రిలో డాక్టరు, "ఇలా నీళ్ళు తాగడం మొదలై ఎన్ని రోజులైంది?" అని అడిగితే, "ఇరవై రెండు రోజులు" అని ఠక్కున చెప్పాను. సీసాలు నింపింది నేనే. లెక్క నా దగ్గర ఉంది. రోజులు లెక్కపెట్టాను గానీ పిల్లను చూడలేదు.

ఇంకొక్క రోజు ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడ పక్కనే ఉండి విన్నది. ఇద్దరం ఇప్పటిదాకా దాని గురించి మాట్లాడుకోలేదు.

అందుకే చూస్తాను. నాకు భయం. అంతే.

15వ తేదీ, ఆదివారం

నిన్న రాసింది చింపేద్దామనుకున్నాను. వెనక పేజీ కూడా ఊడిపోతుందని ఊరుకున్నాను.

18వ తేదీ, బుధవారం

నాలుగు రోజులుగా ఫోను చెయ్యలేదు, మెసేజ్ లేదు, ఎవరినీ పంపలేదు. దర్జీ తనంతట తానే వచ్చి "అరటిపండేమైనా ఇవ్వాలా?" అని అడిగినా వద్దని పంపేశాను. పిచ్చుక గమనించే ఉంటుంది. ఉంచుతుంది. నాకు నమ్మకముంది.

19వ తేదీ, గురువారం

తీసేసింది.

పొద్దున్నే నా పక్కన వచ్చి కూర్చుంది. చేతిలో ఫోను ఉంది.

"కోపంతో కాదు నాన్నా."

"సరేలే" అన్నాను.

"మూడేళ్ళుగా నేను గదిలోకి వస్తే నువ్వు ముందు ఫోను చూస్తావ్. తర్వాతే నన్ను చూస్తావ్. కొత్త గౌను వేసుకున్నా, జుట్టు కత్తిరించుకున్నా అంతే. ఫోన్లో బాగుంటే నా మొహం కూడా చూడవు."

"ఇప్పుడు ఎంత ఉంది?" అన్నాను. అలవాటు. నాలుక కరుచుకునేలోపే అనేశాను.

అది నన్ను చూసి జాలిగా నవ్వి, నొక్కేసింది. నా ఫోన్లో ఇప్పుడు "మీరు ఎవరినీ అనుసరించడం లేదు" అని ఉంది. ఏడుపొచ్చింది. కేకు ముక్క నోట్లో ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

20వ తేదీ, శుక్రవారం

బాగానే ఉన్నాను.

20వ తేదీ, మళ్ళీ

బాగానే ఉన్నాను. యాప్ తెరిచి చూశాను, ఏమైనా మనసు మార్చుకుందేమోనని. లేదు.

21వ తేదీ, శనివారం

మా ఆవిడ వంటగదిలో ఉండగా వెళ్ళి, గొంతు తగ్గించి, "ఒక్కసారి నీ ఫోన్లో చూసి చెప్పవా" అన్నాను.

"నా ఫోన్లో ఆ యాప్ లేదండి."

"ఎప్పుడు తీసేసింది?"

"పెట్టుకుంటే కదా తీసెయ్యడానికి! ఇంట్లో ఒకరికి ఆ పిచ్చి చాలనుకున్నాను."

మూడేళ్ళు! మూడేళ్ళుగా ఈవిడ ఏ నంబరూ చూడకుండా హాయిగా అన్నం తిని పడుకుంటోంది.

"మరి దానికి ఎలా ఉందో నీకెలా తెలుస్తుంది?"

"తగ్గితే ఊరికే కయ్యానికొస్తుంది. పెరిగితే ఏమడిగినా సరే అంటుంది, సోఫా దిగదు. అప్పుడు 'చూసుకున్నావా అమ్మా' అంటాను. 'చూసుకున్నాను' అంటుంది. అంతేగా."

"అంతేనా?"

"మీరు కాస్త తప్పుకోండి, నూనె చిందుతుంది" అంది.

22వ తేదీ, ఆదివారం

ఈత నేర్చుకోవడానికి పేరు ఇచ్చి వచ్చాను. పెద్దవాళ్ళ బ్యాచి, సాయంత్రం ఐదు నుంచి ఆరు. బీపీకి ఈత చాలా మంచిదట. పిచ్చుక శిక్షణ కూడా ఐదింటికేనని అక్కడికి వెళ్ళాకే గుర్తొచ్చింది.

23వ తేదీ, సోమవారం

ఈత చెడ్డీ ఇస్త్రీ అక్క వాళ్ళాయనది. ఆయన నాకంటే రెండింతలు. నాడా బిగించి ముడి మీద ముడి వేశాను.

బ్యాచిలో ఆరుగురం. రిటైరైన టీచర్లు ఇద్దరు, పళ్ళ డాక్టరు ఒకాయన, బ్యాంకులో పనిచేసే అక్కచెల్లెళ్ళు ఇద్దరు, నేను. తలా ఒక రేకు పలక లాంటి తేలే బల్ల ఇచ్చారు. పిచ్చుక ఎత్తు కుర్చీ మీద కూర్చుని ఉంది, మెడలో ఈల. నన్ను చూసి ఈల నోట్లోంచి జారవిడిచింది.

కిందికి దిగొచ్చి, పంటి బిగువున, "ఏంటి నాన్నా ఇది?" అంది.

"బీపీ."

"నన్ను చూడ్డానికి వచ్చావు కదూ?"

"నిన్నెవరు చూస్తున్నారు? నేను నీళ్ళు చూస్తున్నాను."

"అయితే నీళ్ళే చూడు. కోచ్ మేడమ్ సంతకం ఇంకా పెట్టలేదు. ఈసారి నీ వల్ల పోయిందంటే..." అని ఆపేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు సిగ్గేసింది. అయినా మానలేదు.

25వ తేదీ, బుధవారం

ముక్కులోకి నీళ్ళు పోకుండా బుడగలు వదలడం నేర్పారు. పళ్ళ డాక్టరు బాగా వదిలాడు. పిచ్చుక మూడుసార్లు నడుం సంచీలోంచి ఫోను తీసి చూసుకుంది. ఒకసారి ఏదో నమిలింది. నేను నీళ్ళే చూస్తున్నాను.

26వ తేదీ, గురువారం

దగ్గు ఇంకా తగ్గలేదు. అయినా రాస్తాను.

సాయంత్రం ఐదున్నరకు తలెత్తి చూసేసరికి పిచ్చుక కుర్చీలో లేదు. ఇంకో అమ్మాయి ఎక్కుతోంది. పిచ్చుక అవతలి మూల గట్టు మీద కూర్చుని, తల వంచుకుని, సంచీలో వెతుకుతోంది. వంటగది గుర్తొచ్చింది.

పిలిచాను, వినపడలేదు. తేలే బల్ల వదిలేసి నీళ్ళలోనే దాని వైపు నడవడం మొదలుపెట్టాను. మొలలోతు, ఛాతీలోతు, గడ్డంలోతు. కొలను గోడ మీద లోతెంతో గజమెత్తు ఎర్ర అంకెలతో రాసి ఉందట. ఇరవై రెండేళ్ళుగా అంకెలు చూసి బతుకుతున్న మనిషిని, ఆ ఒక్కటి చూడలేదు. తర్వాతి అడుగు కింద నేల లేదు.

మునిగితే అరుస్తారనుకునేవాణ్ణి. అరుపు రాదు. పైకి చూస్తే వెలుగు, కిందికి చూస్తే ఇస్త్రీ అక్క వాళ్ళాయన చెడ్డీ మోకాళ్ళ దాకా జారుతోంది. ఇలాగా పోవడం అనుకున్నాను.

వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి గడ్డం కింద పట్టుకుంది. నేను గుడ్డిగా తిరిగి ఆ మనిషిని వాటేసుకోబోయాను. చెయ్యి విదిలించి నన్ను మళ్ళీ వెల్లకిలా తిప్పింది. నీళ్ళ పైకి తల రాగానే చెవి పక్కన గొంతు వినిపించింది, గట్టిగా కాదు, బాయిలర్ గదిలో పనిమంతుడు మాట్లాడినట్టు.

"నన్ను పట్టుకోకు నాన్నా. పట్టుకుంటే ఇద్దరం మునుగుతాం. చేతులు వదిలెయ్. నేను పట్టుకున్నాను కదా."

వదిలేశాను. మూడేళ్ళలో మొదటిసారి రెండు చేతులూ వదిలేశాను. ఆకాశం చూస్తూ గట్టుకు చేరాను.

దగ్గి, కక్కి, చెడ్డీ పైకి లాక్కున్నాక నేను ముందు అడిగింది ఒక్కటే, "నీకు... నీకు ఎంత..."

"ఎనభై నాలుగు ఉండి కిందికి దిగుతోంది. అందుకే మేడమ్‌కు చెప్పి, కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టి, గ్లూకోజు బిళ్ళలు తిన్నాను. నమిలి మింగానో లేదో నువ్వు మునిగావు." గట్టు మీద వదిలిన సంచీలోంచి ఫోను తీసి చూసుకుంది. "ఇప్పుడు తొంభై ఐదు. నువ్వు ఊపిరి పీల్చు."

కుర్చీ దిగకముందే ఇంకొకరికి అప్పగించింది. షిఫ్టు మారేటప్పుడు నేనైనా బాయిలర్‌ను అలాగే అప్పగిస్తాను. దీనికి ఇది ఎవరు నేర్పారో తెలియదు. నేనైతే కాదు.

కోచ్ మేడమ్ చేతిలో గడియారంతో వచ్చింది. నన్ను ఎగాదిగా చూసింది.

"పరీక్షకు మేము రబ్బరు బొమ్మను వాడతామండీ. సొంత నాన్నను తెచ్చుకున్నది మీ అమ్మాయే."

అక్కడే, తడి కాగితం మీదే, సంతకం పెట్టేసింది.

27వ తేదీ, శుక్రవారం

దగ్గు. సెలవు పెట్టాను. పిచ్చుక నా మంచం పక్కన కూర్చుని తన కొత్త ఈల చూపించింది. జుట్టు చెవుల దాకా కత్తిరించుకుంది. ఎప్పుడని అడిగితే, మూడు వారాలైందంది. బాగుందన్నాను. నిజంగానే బాగుంది.

అసలు సంగతి కూడా చెప్పాను. ఎనిమిది సీసాలు, ఇరవై రెండు రోజులు, వచ్చే వారం అనడం, డాక్టరు మాట, అన్నీ. అది నా వైపు చూస్తూ మొత్తం విన్నది.

"అమ్మ ఎప్పుడో చెప్పింది నాన్నా" అంది. "నువ్వెప్పుడు చెబుతావా అని చూస్తున్నాను."

30వ తేదీ, సోమవారం

ఇవాళ దానికి ఉద్యోగంలో మొదటి రోజు. బ్యాచి అయిపోయాక నన్ను ఒక్కణ్ణీ నీళ్ళలో ఉండమంది. సమయం బాగుందని అడిగేశాను, మళ్ళీ నన్ను ఫోన్లో చేర్చుకుంటావా అని.

"ముందు తేలడం నేర్చుకో" అంది.

వెల్లకిలా పడుకున్నాను. "నడుం పైకి. మెడ వదిలెయ్. ఊపిరి" అంటోంది గట్టు మీదనుంచి. నంబరెంత ఉందో తెలియదు. అడగలేదు కూడా. గొంతు హుషారుగా ఉంది, కయ్యానికి రాలేదు, అన్నిటికీ సరే అనలేదు. బాగానే ఉన్నట్టుంది.

ఏడు సెకన్లు తేలాను. మునిగేముందు పక్కకు చూస్తే, పిచ్చుక కళ్ళార్పకుండా నన్నే చూస్తూ, వేళ్ళు మడిచి లెక్కపెడుతోంది.